పళ్ళెంలో ఆరిన సముద్రం

ఈ రోజు నేను సముద్రాన్ని పీచు పెట్టి తోమేశాను.

మా అమ్మాయి నాలుగో క్లాసు. పోయిన ఆదివారం పాలకాయతిప్ప బీచికి వెళ్ళినప్పుడు సీసాలో సముద్రపు నీళ్ళు పట్టుకొచ్చింది. ఎండకి ఆరితే ఉప్పు మిగులుతుందో లేదో చూడాలని, వాటిని స్టీలు పళ్ళెంలో పోసి డాబా మీద పెట్టింది. రోజూ స్కూలు నుంచి రాగానే బ్యాగు కూడా దించకుండా పైకి పరిగెత్తేది. "ఇంకా తడిగానే ఉందమ్మా" అంటూ దిగొచ్చేది.

ఈ మధ్యాహ్నం ఆరిన బట్టలు తేవడానికి పైకి వెళ్ళాను. పళ్ళెం నిండా తెల్లటి పొర. మా గుడివాడ బోరు నీళ్ళకి బిందెలూ గిన్నెలూ ఇలాగే తెల్లగా పొర కడతాయి, నేను రోజూ తోముతూనే ఉంటాను. కిందికి తెచ్చాను, చెయ్యి దాని పని అది చేసుకుపోయింది. పళ్ళెం తళతళలాడాక గానీ గుర్తు రాలేదు.

సాయంత్రం విషయం చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను.

"తెల్లగా ఉందా అమ్మా?" అని అడిగింది.

"ఆఁ, తెల్లగానే ఉంది."

"ముట్టుకుంటే గరగరలాడిందా?"

"ఏమోనే, గబగబా తోమేశాను."

"పోన్లే, ఉప్పు వచ్చిందిగా" అని బ్యాగు దించింది. డాబా మెట్లెక్కలేదు.

వారమంతా ఎదురుచూసింది తను. తీరా వచ్చాక చూసింది నేను. అదీ మరకనుకుని చూశాను.

ఈ ఆదివారం అటువైపు వెళ్ళేవాళ్ళెవరైనా ఉంటే, ఒక సీసా సముద్రపు నీళ్ళు తెచ్చిపెడతారా అండీ? మళ్ళీ ఆ పళ్ళెం జోలికి వెళితే ఒట్టు.