పడుగు గంజి పెట్టిన చీర

మంచి నూలు చీరను నా చేతులారా తలుపు చెక్కగా మార్చిన కథ చెప్తాను. హాయిగా నవ్వుకోండి. కానీ మీ ఇంట్లో ఎవరైనా చీరకు గంజి పెడుతుంటే ముందు ఈ కాగితం వాళ్ల చేతిలో పెట్టండి. ఒక కుటుంబం పరువు దక్కుతుంది.

అప్పటికి ఎనభైలు అయిపోవస్తున్నాయి. నాకు ముప్పై ఆరేళ్లు. మా ఇల్లు సోలాపూర్ దాజీ పేట్‌లో. చిన్నప్పటి నుంచి బీడీలు చుట్టిన వేళ్లతోనే, ఆడవాళ్లకు మధ్యాహ్నం పూట చెప్పే బడిలో రెండేళ్లు కూర్చుని మరాఠీ అక్షరాలు నేర్చుకున్నాను. నేర్చుకున్నాను సరే, వాటితో ఏం చేయాలి? పేటలో దుకాణాల బోర్డులన్నీ చదివేశాను, ఇక చదవడానికి ఏమీ మిగల్లేదు. అప్పుడే హోట్గి రోడ్‌లో ఒక కుట్టు కేంద్రంలో హాజరు రాసే మనిషి కావాలని తెలిసింది. తంబాకు వాసన లేని పని. కలం పట్టుకునే పని. అది నాకు ఎంతగా కావాలనిపించిందంటే, నిద్రలో కూడా హాజరు పిలిచానట. మా ఆయన "హాజర్" అని పలికి మళ్లీ పడుకున్నాడట.

పేరు రాయించుకోవడానికి పోయినప్పుడు అక్కడి మేడమ్ చెప్పింది. "సోమవారం రండ్రి నర్సవ్వ బాయి. చదువు పరీక్ష ఉంటది. ఈడికి బయటి మంది వస్తరు, జర టాప్‌టీప్‌గ రండ్రి."

టాప్‌టీప్ అంటే మా సోలాపూర్‌లో నీటుగా అని. నేను చదువు పరీక్ష మాట వినలేదు. నా చూపంతా మేడమ్ నూలు చీర మీదే. ఆ కుచ్చిళ్లు కొత్త పేకముక్కల కట్టలా ఉన్నాయి. కూటి కోసం కోటి విద్యలంటారు, ఆ రోజు నుంచి నాకు కుచ్చిళ్ల కోసం కోటి ఆలోచనలు.

నాకూ ఒక నీలం నూలు చీర ఉంది. కానీ బియ్యం గంజి పెడితే మధ్యాహ్నానికి వాడిపోయిన తోటకూర అవుతుంది. ఏం చేయాలా అని చూస్తుంటే, వాకిట్లో మా మామ మగ్గం కోసం పడుగు నూలు పొడవుగా చాచి, జొన్నపిండి గంజి కుంచెతో రాస్తున్నాడు. నాకు మెరుపు మెరిసింది. రోజంతా మగ్గం దెబ్బలు తిన్నా ఆ పోగులు తెగవు కదా! అన్ని దెబ్బలకు ఓర్చే గంజి ఒక బస్సు ప్రయాణానికి ఓర్వదా?

ఆదివారం మామ చాయ్‌కి పోగానే గంజి వండేశాను. ఆయన అందులో నూనె కలుపుతాడు. మరకలు పడతాయని నేను కలపలేదు. చూశారా, ఎంత జాగ్రత్త! చీరను ముంచి తీగ మీద ఎండేశాను. సాయంత్రం తీస్తే అది ఇంటి కప్పులా తీగ మీద ఎలా ఉందో అలాగే వచ్చింది. నేల మీద పెడితే నిలబడింది. అప్పుడైనా బుద్ధి రావాలి కదా? మురిసిపోయాను.

సోమవారం పొద్దున మోకాలితో నొక్కి నొక్కి కుచ్చిళ్లు పెట్టుకుని బయటికి వచ్చాను.

"ఏందే బిడ్డా, చీర కట్టినవా, రేకు కట్టినవా?" అన్నాడు మామ.

"ఆఫీసు ఫ్యాషన్ మామా."

ఆయన కొంగును రెండు వేళ్లతో నలిపి చూశాడు. నేతపని మనిషి, ఇట్టే పట్టేశాడు. "ఇది నా పడుగు గంజి గదా! నూనె ఏసినవా?"

"ఎయ్యలే."

"నూనె లేకుంటే గంజి కాదే బిడ్డా, గోడలకు సినిమా కాగితాలు అంటిచ్చే బంక. జర చెమట తాకనియ్యి, ఎర్కైతది."

"పోయేటప్పుడు అట్ల అనకు మామా!" అని పటపటమంటూ నడిచాను. పటపటమన్నది నేను కాదు, చీర.

బస్సులో కండక్టర్ నా ఒడి వైపు చూసి, "ఓ బాయి, ఆ డబ్బా కింద పెట్టు, తొవ్వకు అడ్డమున్నది" అన్నాడు.

"డబ్బా కాదన్నా, కుచ్చిళ్లు."

కుట్టు కేంద్రం వరండాలో బెంచీ మీద దుమ్ము లేకుండా ఎవరో పేపరు పరిచారు. అప్పడాల బుట్ట మీద పడ్డ చప్పుడుతో కూర్చున్నాను. వైశాఖం ఎండ, ఫ్యాను లేదు. గంటసేపట్లో మెడ మీది చెమట నడుము దాటింది. రేకు మెల్లగా మెత్తబడింది. హమ్మయ్య, చీర నా దారికి వచ్చిందనుకున్నాను. అంతలో పిలిచారు. లేస్తుంటే నడుము కింద ఏదో బరువనిపించింది. భయం కాబోలు అనుకుని లోపలికి పోయాను.

మేడమ్, పక్కన కళ్లద్దాల పెద్దమనిషి, ఇంకో బాయి.

"నర్సవ్వ బాయి, ఆ అలమారల కెల్లి హాజరు బుక్కు తియ్యండ్రి."

వెనక్కి తిరిగాను. ఎవరో కిసుక్కున నవ్వారు.

"అగ్గబాయి! వెనుక ఏం తెచ్చిండ్రు?" అంది మేడమ్.

చెయ్యి పెట్టి చూసుకుంటే కాగితం. ఒక ముక్క కాదు, పేపరులో ఒక పేజీ మొత్తం! లాగితే రాలేదు. మేడమే లేచి వచ్చి పర్రుమని ఊడదీసింది. "ఇది ఎట్ల అంటింది?" అంటే, ఏడుపు ఆపుకుంటూ మామ గంజి నుంచి వెయ్యని నూనె దాకా అంతా చెప్పేశాను. ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంటూ నవ్వుతోంది. అయిపోయింది, ఇక బీడీ ఆకులే గతి అనుకున్నాను.

"చదువు పరీక్షకు బుక్కు ఎందుకు? మీరే తెచ్చుకున్నరు గదా. ఇదే చదువుండ్రి" అని ఆ కాగితం నా చేతికి ఇచ్చింది.

ఏదో బట్టల దుకాణం ప్రకటన. అక్షరం అక్షరం వేలు పెట్టి మరాఠీలో గట్టిగా చదివాను: "పాత... సరుకు. సగం... ధరకే. ఈ రోజే... ఆఖరు."

కళ్లద్దాల పెద్దమనిషి బల్ల మీద తల వాల్చేశాడు. ఇంకో బాయి నీళ్లు అడిగింది. కానీ నేను ఒక్క అక్షరం తప్పలేదు! అది తెలియగానే ఎక్కడి నుంచి వచ్చిందో ధైర్యం వచ్చింది.

"మేడమ్, కాగితం మీద ఏమున్నా సరే, నాకు మాత్రం నెల పగారు పూర్తిగ కావాలె."

"పూర్తిగనే ఇస్తం తియ్యండ్రి. రేపటి సంది రండ్రి" అంది మేడమ్, ఇంకా నవ్వుతూనే. "గని బెంచీలు, కుర్చీలు మాత్రం ఇంటికి తీస్కపోకుండ్రి."

ఆ సాయంత్రమే మా మగ్గం మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేశాను. కుచ్చిళ్లు జారినా సరే, కొంగు ముడతలు పడినా సరే, ఊరంతా పేకముక్కల్లా తయారై తిరిగినా సరే, ఈ జన్మలో చదివేది నేనే, ఇంకెవరికీ నా వెనుక భాగం చదివే అవకాశం ఇవ్వను.