మా అత్త చేతుల ఫోటో

మొన్న పావగడలో బస్సు దిగి నడుస్తుంటే, ఏళ్ల తరబడి మూతబడి ఉన్న శనక్కాయల మిల్లును పడగొడుతున్నారు. కాయలు ఒలిచే మిషన్లను ముక్కలుగా కోసి లారీకెత్తుతుంటే, నా ఈడు ఆడవాళ్లు ఇద్దరు నిలబడి చూస్తున్నారు. ఒకప్పుడు ముగ్గురం ఆ మిల్లులోనే పని చేశాం.

వానలు వరసగా ఎగ్గొట్టి, మా ఊరు మంగళవాడ చేలల్లో వేసిన విత్తనం కూడా తిరిగి రాని ఆ కాలం మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. బయటి ఊళ్ల కాయలు లారీల్లో మిల్లుకు వచ్చేవి, మేము మొదటి బస్సుకే పనికి పోయేవాళ్లం. మా అత్త మిషనులో కాయలు పోసేది, నేను గింజలు ఏరేదాన్ని. మధ్యాహ్నం తెచ్చుకున్న రాగిముద్దను తుంచి, పెద్ద ముక్క ఎప్పుడూ నాకే పెట్టేది.

ఒకరోజు ఆమె కుడిచేయి బెల్టులో పడి మూడు వేళ్లు పోయాయి. తోటి మనిషి ఒకామె ఆమెను ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోతుంటే, ఆటో గేటు దాటకముందే మిషను మళ్లీ తిరిగింది. రక్తం అంటిన గింజలు వేరు చేయమని నన్ను కూర్చోబెట్టారు. ఆమె వెంట పోతానంటే ఇక పనికి రావద్దన్నారు.

మా ఆయన లేబర్ ఆఫీసులో అర్జీ పెట్టాడు. మిల్లు యజమాని అక్కడికి వచ్చి, మా అత్త ముఖం ఎదుటనే, ఎంతో నెమ్మదిగా చెప్పాడు.

"ఈమె ఎవురో నాకు తెలీదప్పా. మా మిల్లులో ఎప్పుడూ పని చేయలా."

మా పేర్లు ఎక్కడా రాసేవాళ్లు కాదు. కరువులో ఉన్న పని పోగొట్టుకుని సాక్ష్యం చెప్పమని తోటివాళ్లను అడగడానికి మాకూ నోరు రాలేదు. అప్పుడు గుర్తొచ్చింది, అంతకు ముందొక ఏడు బెంగళూరు నుంచి ఒక మేడం వచ్చి మిల్లులో మా ఫోటోలు తీసుకుపోయిందని. విచారిస్తే, అవన్నీ అక్కడి యూనివర్సిటీలో కార్మికుల చరిత్ర దాచే విభాగంలో ఉన్నాయని, ఎవరైనా పోయి చూడవచ్చని తెలిసింది. పదో తరగతి చదివినదాన్ని కాబట్టి నేనే అత్తను వెంటబెట్టుకుని పోయాను.

అంత చల్లని గది మేమెన్నడూ చూడలేదు. అక్కడి ఉద్యోగిని కన్నడంలో మర్యాదగా పలకరించి, కాఫీ ఇప్పించి, చేతులకు తెల్లని తొడుగులు వేసుకుని, పలచని కాగితాల మధ్య నుంచి పసిబిడ్డను ఎత్తినట్టు ఒక ఫోటో ఎత్తి చూపింది. దోసిలి నిండా కాయలు పట్టుకున్న రెండు చేతులు, అంతే. ముఖం లేదు. మా అత్త గుర్తుపట్టి చేయి చాపగానే, చెమటకు పాడవుతుందని ఆమె ఫోటోను వెనక్కి తీసుకుంది.

"అవి నా చేతులే గదమ్మా," అన్నది మా అత్త.

ఆ ఉద్యోగిని తల దించుకుంది కానీ ఫోటో మాత్రం దగ్గరికి జరపలేదు. వెనక పేరు రాసి ఉందేమో చూడమన్నాను. కూలివాళ్లకు యజమానుల వల్ల కీడు జరగకూడదని ఆ మేడం ఎవరి పేరూ రాయలేదట.

ఫోటోకు నకలు కావాలని అడిగి వచ్చాం, కొన్నాళ్లకు అది చేతికి వచ్చింది. విచారణ నాడు మిల్లు తరఫు వకీలు దాన్ని బల్ల మీద పెట్టి, మా అత్త చేతిని పక్కన పెట్టమన్నాడు.

"ఈ ఫోటోలో వేళ్లన్నీ ఉండాయి గదమ్మా. నీకు లేవే. ఇవి నీవెట్లయితాయి?"

గదిలో నవ్వారు. మా అత్త చేయి కొంగులోకి లాక్కుంది. మా అర్జీ కొట్టేశారు. ఆ తరువాత బతికినన్నాళ్లూ ఇంట్లో మా ముందు కూడా ఆ చేతిని కొంగులోనే ఉంచుకుంది. విచారణ మాట ఎత్తేది కాదు. చివరి రోజుల్లో ఒక్కసారి మాత్రం, ఫోటోలోని ఆ చేతులు ఇంకా బాగానే ఉంటాయా అని అడిగింది. ఉంటాయన్నాను.

"ఉంటాయిలే అమ్మీ. చల్లగా ఉండాది ఆడ," అని అటు తిరిగి పడుకుంది.

ఇప్పుడు మా చుట్టుపక్కల శనక్కాయ వేసేవాళ్లు తగ్గిపోయారు. తిరుమణి దిక్కు సోలార్ పలకలు తుడవడానికి పోయే ఆడపిల్లల మెడల్లో, పేరూ ముఖమూ ఉన్న కార్డులు వేలాడుతుంటాయి. బస్సు కోసం నిలబడినప్పుడు వాటిని చదువుతుంటే, ఈ ముసలామెకు ఏం పని లేదా అన్నట్టు చూస్తారు. పని చేసిన చోట పేరు ఉండటం ఎంత పెద్ద సంగతో వాళ్లకు తెలియదు. తెలియకపోవడమే మంచిది.