కామ్ ఎవరు చెయ్యాలె?

కామ్ అనే మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఇంగ్లీషులో దానికి నిమ్మళం అని అర్థమట. నాకు మాత్రం అది ఎప్పుడూ నోరు మూసుకోమన్నట్టే వినబడింది. కాలేజీలో మగపిల్లలు బల్లలు విరగ్గొడితే "వయసు" అని నవ్వే సారే, నేను ఎదురు ప్రశ్న వేస్తే "కామ్, కామ్" అనేవాడు. పెళ్లయ్యాక మా ఆయన నోట కూడా అదే మాట. వినీ వినీ చివరికి నేనూ నేర్చుకున్నాను. అదీ నా సిగ్గు.

నాన్న పోయాక చింతకిలోని పొలం అమ్మ పేరు మీదికి మారాలి. దాన్ని దున్నించింది, కలుపు తీసింది, కంది కోసింది అమ్మే. పహాణీ రికార్డులో మాత్రం ఇంకా నాన్న పేరే ఉంది. ఆలస్యమయ్యే కొద్దీ బాబాయి గట్టు మా వైపు జరుపుతూనే ఉన్నాడు.

బీదర్‌లో రెవెన్యూ ఆఫీసుకు అమ్మా నేనూ వెళ్లడం అది ఆరోసారి. గుమాస్తా ఫోన్లోంచి తలెత్తకుండా, "అగ్లే హఫ్తే ఆవో" అన్నాడు. మళ్లీ వచ్చే వారమట!

"ఇంకెన్ని హఫ్తాలు సారూ? మేం మనుషులం గామా?" అని అమ్మ లేచింది.

"అమ్మా, కామ్, కామ్" అని అతను చెయ్యి ఊపాడు.

నేనేం చేశాను? చదువుకున్నదాన్ని కదా, పరువు! అమ్మ కొంగు లాగి, "జర కామ్‌గుండమ్మా" అన్నాను.

అమ్మకు ఇంగ్లీషు రాదు. మా వైపు ఉర్దూలో కామ్ అంటే పని. ఆమె నా చెయ్యి విదిలించుకుంది. "గా కామ్ కోసమే గదనే వచ్చిన! కామ్ సారు చెయ్యాలె. నన్ను చెయ్యమంటవేంది?"

వరుసలో వాళ్లంతా నవ్వారు. గుమాస్తా అందరికంటే గట్టిగా నవ్వి, "కామ్ అంటే ఏందో అమ్మకు చెప్పుండ్రి మేడమ్" అన్నాడు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "మా అమ్మకు బరాబర్ తెల్సు! తెల్వంది నీకే. ఆమె పేరు ఎక్కేదాంక ఈడికెల్లి లేవం!" అని అరిచి అక్కడే నేల మీద కూర్చున్నాను. అమ్మ నా పక్కన కూర్చుంది.

ఆ అరుపుకు లోపలి పెద్ద సారు బయటికొచ్చి ఫైలు తెప్పించుకున్నాడు. అందులో మిగిలింది ఒక్క సంతకం. దానికి రెండు నిమిషాలు పట్టింది. అందుకే నా కోపం ఈ రోజుకీ దిగలేదు.

బస్సులో అమ్మ తన పేరెక్కిన కాగితాన్ని ఒళ్లో పెట్టుకుని చాలాసేపు నా మొహమే చూసింది.

"గింత గొంతున్నదా నీకు?" అంది. "ఇన్నొద్దులు ఏడ దాచినవే?"