డిస్టిల్డ్ వాటర్ సీసాలో బోరు నీళ్లు

ఇన్నేళ్లుగా ఈ మాట గొంతుదాకా వచ్చి ఆగిపోతోంది. మా ఆయనకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కనుక మీకు చెబుతున్నాను.

అందరూ కంప్యూటర్ కోర్సుల వెంట పడుతున్న రోజులవి. నాన్నకు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చి విజయనగరం నుంచి మారేడ్‌పల్లికి వచ్చేశాం. తొమ్మిదో తరగతిలో నా యాసకు అందరూ నవ్వారు. రమ్య కూడా నవ్వింది. కానీ నవ్వుతూనే పక్కకు జరిగి బెంచీ మీద చోటిచ్చింది. ఆ చోటు కోసం ఇప్పటికీ బెంగ నాకు.

సైన్స్ ఫెయిర్‌కు మా ఇద్దరినీ పంపుతామన్నారు టీచర్. నిమ్మరసం, చింతపండు రసం, సబ్బునీళ్లు. ఒక్కోదాన్నీ మెట్టు మెట్టుగా పలచన చేస్తూ, పులుపునూ క్షారాన్నీ బట్టి రంగు మారే కాగితం ముంచి అవెంత తగ్గాయో చూడాలి. కలపడానికి మాత్రం బ్యాటరీ షాపుల్లో అమ్మే డిస్టిల్డ్ వాటరే వాడాలి. రెజిమెంటల్ బజార్ నుంచి తెచ్చే పని నాది. తెచ్చాను. ల్యాబ్ గుమ్మంలో సీసా చెయ్యి జారి సగానికి పైగా ఒలికిపోయింది. తిడతారని భయం. నీళ్లే కదా అనుకుని బోరు పంపు కింద పట్టి నింపేశాను.

బకెట్లకు తెల్లగా పొర కట్టే నీళ్లవి. అవి పులుపును చంపేస్తాయని నాకేం తెలుసు? రమ్య పలచన చేసిన నిమ్మరసంలో మెల్లగా ఎరుపు నుంచి పసుపుకు రావాల్సిన కాగితం రెండో మెట్టుకే ఆకుపచ్చగా తిరిగింది.

"సబ్బునీళ్ల డ్రాపరే ఇందులోనూ పెట్టావా? కడగలేదా?" టీచర్ రమ్య మీద మండిపడ్డారు.

"కడిగిన మేడమ్. దీన్ని అడుగుండ్రి, పక్కనే ఉంది."

టీచర్ నా వైపు చూశారు.

"లేదు మేడమ్. కడగలేదు," అన్నాను.

ఎందుకన్నాను? సీసా సంగతి బయటపడుతుందనా? ఫెయిర్ పోతుందనా? ఊరుకున్నా సరిపోయేది కదా, పాడు నోరు!

రమ్య నన్ను తిట్టినా బాగుండేది. తన చేతుల వంక చూసుకుని, "నిజంగనే కడగలేదానే నేను? కడిగిననే అనుకున్న," అంది. తన చేతులకన్నా నన్నే నమ్మింది.

ఆమె బదులు ఇంకో అమ్మాయితో ఫెయిర్‌కు వెళ్లాను. ఈసారి అసలైన డిస్టిల్డ్ వాటర్‌తో చేసి బహుమతి తెచ్చుకున్నాం. అందరికన్నా గట్టిగా రమ్యే చప్పట్లు కొట్టింది. పదో తరగతి కాగానే వాళ్లు కాప్రా వైపు మారిపోయారు. సైన్స్ తన వల్ల కాదని కామర్స్‌లో చేరిందని తెలిసింది.

ఇప్పటికీ కాప్రా బస్సు వస్తే కిటికీల్లో వెతుకుతాను. కనబడితే ఏం చెబుతాను? క్షమించమని అడిగే మొహం నాకు లేదు. ఇలా మీకు చెప్పేసరికి మాత్రం కాస్త ఊపిరాడుతోంది. ఆమెకు చెప్పాల్సింది ఒక్కటే.

రమ్యా, నువ్వు డ్రాపర్ కడిగావే. ప్రతిసారీ కడిగావు. నేను చూశాను.