వంక దారికి కావలి

నా చిన్నప్పుడు నేనూ అదే అడిగాను నాన్నా, మొన్న నువ్వు మాంచెస్టర్ నుంచి ఫోన్‌లో అడిగిందే: ఎయిర్‌గన్‌తో అడవిపంది చస్తుందా అని. మా చిన్నమామ చస్తుందన్నాడు. చావదు. చావకపోవడమే దాంతో వచ్చే చిక్కు. హాఫ్‌టర్మ్ బడి సెలవుల్లో నీ స్నేహితుడితో పందులున్న అడవికి వెళ్తానంటున్నావు కాబట్టి చెప్తున్నాను. మీకు తెలుగు చదవడం రాకపోయినా వింటే అర్థమవుతుంది కదా, అందుకని బ్రాక్‌నెల్‌లో ఈ వంటింట్లో కూర్చుని వాయిస్ మెసేజ్ పెడుతున్నాను. నా మనవలిద్దరూ, నువ్వూ అక్కా, కలిసి వినండి.

మదనపల్లె దగ్గర మా అమ్మ పుట్టింట్లోనే నేను పెరిగాను. ఆ ఏడు వేరుశనగ కాయ పట్టే వేళకి పందులు దిగాయి. చేను దున్నినట్టు పెళ్ళగించి పోయేవి. అమ్మ తమ్ముడు, మా చిన్నమామ, పిట్టలు కొట్టే గాలితుపాకి ఒకటి పట్నం నుంచి తెచ్చాడు. తాతకు అది నచ్చలేదు. కుక్కలు, డప్పులు చాలన్నాడు. మామ వినలేదు.

ఒకరోజు తెల్లవారుతుండగా మామ వెంట చేనికి వెళ్ళాను. గట్టు దిగువన ఒక పంది, తల ఎత్తకుండా తవ్వుతోంది.

"నాకియ్యి మామా, ఒక్కసారి."

"నీ చేత యాడైతుందిమే? అది పందో బర్రో కూడా తెలీదు నీకు."

అంటూనే తుపాకి నా భుజానికి ఆనించి, వెనక నుంచి పట్టుకున్నాడు. మీట నొక్కింది మాత్రం నేనే. పంది కీచుమని అరిచి, ఒక కాలు ఈడ్చుకుంటూ వంక, అంటే మా ఊరి వాగు, పక్కన తుప్పల్లోకి దూరింది. నేను గంతులేశాను. ఆకుల మీద నెత్తురు చూశాక ఆగిపోయాను.

అరుపు విని తాత పరుగున వచ్చాడు. నేను నోరు తెరిచేలోపే మామ అన్నాడు, "నేనే కొట్టినా నాయనా." తాత ఇద్దరినీ చూశాడు. తిట్టలేదు.

ఆ తుప్పల్లోంచే ఆడవాళ్ళు కట్టెలకు పోయేది. దెబ్బతిన్న పంది ఎదురుపడితే మనిషిని చీల్చేస్తుంది. అందుకే మా ఊళ్ళో ఒక పద్ధతి ఉండేది. పందిని ఎవరు గాయపరిస్తే వాళ్ళే, అది దొరికేదాకా దారికి కావలి నిలబడాలి. ఆ లెక్కన మామ నిలబడాలి. తాత మాత్రం మామ చేతికి ఈటె ఇచ్చి, "నువ్వు నాతో రా" అన్నాడు. నాతో, "పాపా, నువ్వు ఈడ నిలబడు. ఎవుర్నీ లోపలికి పోనియ్యాకు" అన్నాడు.

కాసేపటికి పక్కింటి అక్క తాడు భుజాన వేసుకుని వచ్చింది. అప్పుడామె నిండు చూలాలు. నేను చేతులు చాచి అడ్డం నిలబడ్డాను.

"ఏమ్మే, వంకంతా మీ తాత నీ పేర రాసిచ్చినాడా? జరుగు, పొయ్యిలోకి పుల్ల లేదు."

"పోవద్దక్కా. పంది ఉంది, దెబ్బ తినింది."

"ఎవురు కొట్టింది?"

మామ పేరు నాలుక చివరిదాకా వచ్చింది. ఆమె కడుపు వైపు చూశాక ఆ మాట రాలేదు. "నేనే కొట్టినా" అన్నాను. ఏడుపొచ్చింది.

అక్క తిడుతుందనుకున్నాను. తాడు కింద పడేసి, నడుం పట్టుకుని మెల్లగా నా పక్కన కూర్చుంది. "అట్లయితే ఇంగా గట్టిగా నిలబడు. మా అత్త వస్తే నీ మాట యాడ వింటుంది? ఆయమ్మతో నేను మాట్లాడతాలే" అంది. ఆ రోజు మా ఇద్దరినీ దాటి ఎవరూ తుప్పల్లోకి పోలేదు.

మధ్యాహ్నానికి తాత, మామ ఉత్త చేతులతో వచ్చారు. నెత్తురు జాడ వంక నీళ్ళలో పోయిందట. మూడు రోజులు వెతికారు. మూడు రోజులూ తాత నన్నే దారిలో నిలబెట్టాడు. ఎవరికీ ఏమీ కాలేదు. పంది దొరకలేదు. నొప్పితో అది ఎక్కడ పడుకుందో అని ఎన్నాళ్ళో అన్నం సహించలేదు నాకు.

ఇప్పటికీ ఎవరినైనా ఒక మాట అనబోయే ముందు ఆ దారి గుర్తొస్తుంది నాన్నా. ఆ మాట తగిలి గాయమైతే తర్వాత కావలి ఉండగలనా అని ఆలోచిస్తాను. చాలాసార్లు ఊరుకుంటాను.

ఒక్కటి మాత్రం తేలలేదు. తుపాకి పేల్చింది నేనని తాతకు తెలిసే నన్నక్కడ నిలబెట్టాడా, లేక పక్కన వేరే మనిషి లేక నిలబెట్టాడా? ఆయన బతికున్నన్నాళ్ళూ అడగడానికి నాకు నోరు రాలేదు.