పాసుబుక్కు వెనక్కి అడిగిన నెల

ఈ సంగతి ఎవరో ఒకరు రాసి పెట్టాలి. మా వీధిలో దీన్ని రెండు రకాలుగా చెప్పుకుంటున్నారు. పోస్టాఫీసు ఏజెంటు అక్క జనం డబ్బు తిప్పుకుందని కొందరు, నేను చదువు తలకెక్కి ఆమె మీద నింద వేశానని కొందరు. మొదటిది అబద్ధం. రెండోది పూర్తిగా అబద్ధం కాదు. అందుకే నేనే రాస్తున్నాను.

నేను ఎనిమిదో తరగతితో బడి మానేశాను. తిరుత్తణి నుంచి రోజూ రైలెక్కి తిరువళ్ళూరు దగ్గర ఒక ఫ్యాక్టరీకి పోతాను. షిఫ్టు వదిలాక బండి వచ్చేదాకా లైబ్రరీలో కూర్చుంటాను. అక్కడ తెలుగు పుస్తకాలు ఒక్క బీరువాకే సరిపోయాయి. వాటిని ముగించి తమిళానికి దిగాను. పన్నులు, వడ్డీల గురించి నాకు తెలిసిందంతా ఆ బల్ల దగ్గర నేర్చుకున్నదే. ఆ మాట చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు.

అప్పుడు వడ్డీలు వరసగా తగ్గుతున్నాయి. బ్యాంకులో డిపాజిట్టు తిరగరాయించడానికి పోయినవాళ్ళు ముఖం వేలాడేసుకుని వచ్చేవాళ్ళు. నాకు పోస్టాఫీసులో పీపీఎఫ్ అనే పొదుపు ఖాతా ఉంది. దాని వడ్డీకి పన్ను లేదు. అయితే ఆ వడ్డీ కూడా తగ్గింది. వచ్చే ఏడు మా అమ్మాయిని నర్సింగులో చేర్చాలి. ఆ ఫీజు అందులోంచే రావాలి. ఏం చేయాలో తెలియక పుస్తకాలు తిరగేశాను. పీపీఎఫ్ వడ్డీ పోస్టాఫీసులోనైనా బ్యాంకులోనైనా ఒకటే అని తేలింది. కానీ ఖాతాను మూయకుండా, గడిచిన ఏళ్ళు పోకుండా, అట్లే బ్యాంకుకు మార్చుకోవచ్చు. అప్పుడు ఫోనులోనే కట్టుకోవచ్చు. ఇంకో నియమం కూడా కనబడింది. ఐదో తేదీ నుంచి నెలాఖరు దాకా ఖాతాలో తక్కువలో తక్కువ ఎంత ఉంటే, ఆ నెల వడ్డీ దాని మీదే. అంటే ఆరో తేదీన కట్టిన డబ్బుకు ఆ నెల వడ్డీ సున్నా.

మార్చాలంటే పాసుబుక్కు కావాలి. అది అక్క దగ్గర ఉంటుంది. మా వీధి పాసుబుక్కులన్నీ ఆమె సంచిలోనే. ఒకటో తేదీ ఇల్లిల్లూ తిరిగి డబ్బు తీసుకుంటుంది, తానే పోయి కడుతుంది. పదకొండేళ్ళుగా ఎవరూ బుక్కు తెరిచి చూసింది లేదు.

"బుక్కు ఇయ్యక్కా, కొంచెం పనుంది" అన్నాను, ఆ ఒకటో తేదీ డబ్బు చేతికిస్తూ.

"ఏం పని తమ్ముడా?"

నేను చెప్పలేదు. చెబితే నీ మీద నమ్మకం లేదన్నట్టు అవుతుందని మాట మింగేశాను. ఆ మింగడమే ఆమెకు అనుమానం తెప్పించిందేమో, నా ముఖం వైపు చూసి, "బుక్కులన్నీ ఎంట్రీకి పోస్టాఫీసులో ఉండాయి. మిషను చెడిపోయింది" అంది.

వారం తర్వాత అడిగితే అదే మాట. పదిరోజులకు మళ్ళీ అదే. నాకు నిద్ర పట్టలేదు. పదకొండేళ్ళ కష్టం, అమ్మాయి సీటు, అంతా ఒక సంచిలో ఉంది. ఆ సంచి నాకు కనబడడం లేదు.

"ఆమె మన పెండ్లికి వంట చేసిన మనిషి" అంది నా భార్య. "నువ్వు పుస్తకాల్లో చదివిన దొంగలందర్నీ తెచ్చి ఈ వీధిలో పెట్టద్దు."

నేను ఊరుకుని ఉండాల్సింది. టీ అంగడిలో ఒక్కరి దగ్గర నోరు జారాను. ఆదివారం పొద్దున అక్క వాకిట్లో ఏడెనిమిది మంది ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. ఒకామె గట్టిగానే అడుగుతోంది: "మా డబ్బు ఉండాదా, లేదా? అది చెప్పు ముందు."

అక్క సంచి తెచ్చి అరుగు మీద పెట్టింది. ముందురోజే బుక్కులు వచ్చాయట. ఒక్కొక్కరినీ పిలిచి చేతికిచ్చింది. నాది ఆఖర్న ఇచ్చింది. తెరిచాను. ఒక్క నెల కూడా తప్పలేదు, అంతా ఉంది. అప్పుడైనా మూసేసి ఉంటే బాగుండేది. కానీ నా కన్ను తేదీల మీద పడింది. తొమ్మిది, పదకొండు, పది, తొమ్మిది.

"ఒకటో తేదీ తీసుకుంటివి. పదో తేదీ కట్టినావు. మధ్యలో మా డబ్బు యాడుండె అక్కా?"

అక్క లోపలికి పోయి ఇంకో బుక్కు తెచ్చి నా చేతిలో పెట్టింది. ఆమె సొంత ఖాతాది. తొమ్మిది, పదకొండు, పది, తొమ్మిది.

"అందరూ ఒకటో తేదీన ఇస్తారా? కడపటి ఇంటామె ఎనిమిదికిస్తాది. ఆమెది వచ్చేదాకా మీదీ నాదీ ఈ సంచిలోనే. ఇంటికొక తూరి పోతే బస్సు చార్జీ నువ్విస్తావా?" అని, "పదో తేదీకి కడితే ఏం తప్పు?" అంది.

ఐదో తేదీ నియమం చెప్పాను. అప్పుడు కూడా బడిలో పాఠం ఒప్పజెప్పినట్టే చెప్పాను. ఆమె తన బుక్కులో తేదీల మీద వేలు పెట్టి, పై నుంచి కింది దాకా జరిపింది.

"ఇది నీకెప్పుడు తెలిసింది?"

"రెండు నెలలాయె."

"మొన్న ఒకటో తేదీన డబ్బిచ్చినప్పుడు తెలుసు గదా. ఒక్క మాట చెప్పుంటే నాలుగో తేదీకే పోయి కట్టుందునే, తమ్ముడా."

టీ అంగడి దాకా పోయిన నోరు ఆమె దగ్గర ఎందుకు లేవలేదో నాకే తెలియదు.

ఖాతా తిరువళ్ళూరు బ్యాంకుకు మారింది. ఇప్పుడు నేను నాలుగో తేదీనే కడుతున్నాను. ఆ నియమం ఉన్న పుస్తకాన్ని వెతికి ఇచ్చిన లైబ్రరీ అమ్మకు, కాగితాలు రిజిస్టరు పోస్టులో పోయేదాకా మూడుసార్లు విసుక్కోకుండా జవాబు చెప్పిన పోస్టాఫీసు గుమాస్తాకు, నన్ను తిట్టి కూడా నా వెంట వచ్చిన నా భార్యకు కృతజ్ఞతలు. పేర్లు రాయడం లేదు. వాళ్ళకు తెలుసు.

అక్కకు మాత్రం కాగితం మీద చెబితే చాలదని ఇంటికే పోయాను. కూర్చోమంది, నీళ్ళిచ్చింది. ఇప్పుడు ఇరవై ఎనిమిదో తేదీకే ఇండ్లు తిరగడం మొదలుపెడుతుందట. క్షమించమని అడగబోతే చెయ్యెత్తి ఆపింది.

"అది సరే. ఇంకా ఏమన్నా తెలిసి, చెప్పకుండా పెట్టుకోనుండావా?"

చెప్పడం మొదలుపెట్టాను. ఆమె లేచి పెన్ను తెచ్చుకుంది.