తాళాల ఎల్ఫ్ వేషం

ఈ మాట నా లోపల పదేళ్ళకు పైగానే ఉంది. బరువు అంటారు గానీ, నిజం చెప్పాలంటే నాకు బరువుగా కూడా లేదు. పళ్ళ డాక్టరు సూది వేశాక దవడ ఎలా ఉంటుందో అలా ఉంది. ఉన్నట్టు తెలుస్తుంది, నొప్పి తెలియదు. నవ్వొచ్చు, తినొచ్చు, ఆఫీసులో మీటింగులు నడపొచ్చు. నేను అవన్నీ చేశాను. బాగానే చేశాను.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్ళకు చెప్పే ధైర్యమే ఉంటే ఇది ఇంతకాలం నాలో ఉండేదే కాదు.

మా అమ్మాయి దగ్గర మొదలుపెడతాను. ఎందుకంటే నాకు నేనుగా దీన్ని కదిపేవాణ్ణి కాదు. కదిపింది అది. పేరు నిధి, ఏడేళ్ళు. తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లిషులోనే వస్తుంది. శనివారం పొద్దున ఈత క్లాసుకి తీసుకెళ్ళే డ్యూటీ నాది. కేంబ్రిడ్జ్ ట్రాఫిక్‌లో కారు కదలదు, వెనక సీట్లో ఇది ఊరుకోదు. ఎల్ఫ్‌ల పిచ్చి దీనికి. కోసు చెవులు, పొడుగాటి జుట్టు, అడవులు, బాణాలు. ఒక శనివారం ఎల్ఫ్ కథ చెప్పమని ప్రాణం తీస్తే నోటికొచ్చింది చెప్పాను. నోటికొచ్చిందనే అనుకున్నాను.

మా కథలో హీరో పేరు తిమిర్. అతను అడవి ఎల్ఫ్ కాదు. నేల అడుగున, చెట్ల వేళ్ళ కింద ఒక ఊరుంది, అక్కడివాడు. ఆ ఊళ్ళో గోడలకు పుట్టగొడుగులు మెరుస్తుంటాయి. ఎల్ఫ్‌లందరూ చాలా మర్యాదస్తులు, ఎవరూ గొంతెత్తి మాట్లాడరు. అయితే ఆ ఊరి పైకప్పు వాళ్ళది కాదు, రాతి మనుషులది. ఇంతమంది ఎల్ఫ్‌లే ఉండాలని రాతి మనుషులు షరతు పెట్టారు. ఊళ్ళో ఉన్నది అంతకంటే ఎక్కువమంది. అందుకని రాతి మనిషి లెక్క చూడటానికి వచ్చినప్పుడల్లా, ఆఖరున వచ్చిన ఎల్ఫ్‌ను అన్నిటికంటే కింది గదిలోకి దించి బయట గడియ పెడతారు. అతని బూట్లు దాచేస్తారు. కింద ఉన్నవాడు చప్పుడు చేయకూడదు. అది చట్టం. ఆఖరున వచ్చినవాడు తిమిర్.

"దే హేటెడ్ హిమ్?" అని అడిగింది నిధి.

లేదమ్మా, ఎవరికీ అతనంటే కోపం లేదు, అన్నాను. అందరికీ ఇష్టమే. పైకి రాగానే వేడివేడిగా అన్నం పెట్టేవాళ్ళు. ఆ మాట అన్నాక స్టీరింగ్ మీద నా చేతులు చూసుకున్నాను. మామూలుగానే ఉన్నాయి.

చీకట్లో అంతకాలం ఉన్నందుకు తిమిర్‌కు ఒక శక్తి వచ్చిందని చెప్పాను. రాతిలోంచి అడుగుల చప్పుడు వింటాడు. పైన ఎంతమంది నడుస్తున్నారో, ఎవరు ఆగారో, ఎవరు వెళ్ళిపోయారో అన్నీ చెప్పేస్తాడు. హీరో అన్నాక ఏదో ఒక శక్తి ఉండాలి కదా, ఇచ్చేశాను. ఏమిచ్చానో అప్పుడు ఆలోచించలేదు.

మరి తలుపు ఎవరు తీశారు, బయటికెలా వచ్చాడు? దాని తర్వాతి ప్రశ్న అదే. కాపలా ఉన్న ఒక స్నేహితుడు తీశాడు, అన్నాను. క్షణం కూడా పట్టలేదు నాకు ఆ అబద్ధానికి. నిధి అతనికి పేరు కూడా పెట్టింది, తాళాల ఎల్ఫ్ అని. తిమిర్ తర్వాత దానికి అతనే ఇష్టం.

ఇప్పుడు అసలు ఊరి సంగతి చెప్పాలి. అది ఇంగ్లండ్‌లోనే, లీడ్స్‌లో ఉంది.

మాస్టర్స్ చేసే రోజుల్లో అక్కడ ఒక పాత ఇంట్లో ఉండేవాళ్ళం. వీపుకు వీపు ఆనించి కట్టిన ఇళ్ళు అవి, వెనక గుమ్మం ఉండదు. లోపలికీ బయటికీ వీధి తలుపు ఒక్కటే. అద్దె కాంట్రాక్టులో ఉన్న పేర్లు నలుగురివి, ఉన్నది ఏడుగురం. మా సీనియర్లూ అలాగే ఉన్నారు, మా తర్వాతివాళ్ళూ అలాగే ఉండి ఉంటారు. పద్ధతి కూడా వాళ్ళ దగ్గర నేర్చుకున్నదే. ఇల్లు అద్దెకిచ్చిన ఏజెంటు ఇన్‌స్పెక్షన్‌కు వస్తున్నాడని మెసేజ్ రాగానే, పరుపులు బీరువా వెనక నిలబెట్టాలి, లెక్కకు ఎక్కువైనవాళ్ళు లైబ్రరీకి పోవాలి. అన్నిటికంటే ముఖ్యం చెప్పులు. మన గుమ్మం చూస్తే ఇంట్లో ఎంతమంది ఉన్నారో తెల్లవాడికైనా తెలిసిపోతుంది. అందుకని ఎక్కువవాళ్ళ చెప్పులూ బూట్లూ ఖాళీ బియ్యం సంచిలో వేసి దాచేవాళ్ళం. చెప్పకుండా వస్తే మాత్రం సెల్లార్. వంటగదిలోంచి మెట్లు కిందికి పోతాయి. ఆ మెట్ల తలుపు మూసినా నిలబడక దానంతటదే తెరుచుకునేది, బయట గడియ పెట్టాల్సిందే. గడియ పెట్టి ముందు బట్టల బుట్ట జరిపితే ఏదో అలమర అనుకునేవాడు ఏజెంటు.

కాంట్రాక్టులో మొదటి పేరు నాది. ఎవరు ఉండాలో ఎవరు దిగాలో చెప్పేది నేను. కింద చప్పుడు చేయకూడదన్న రూలూ నాదే.

ఆఖరున వచ్చినవాడు మహేష్. కరీంనగర్ వైపు అబ్బాయి, నాకంటే ఏడాది చిన్న. అన్నా అన్నా అంటూ వెనకే తిరిగేవాడు. నాకు జ్వరమొస్తే జీపీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది వాడే. చదువులయ్యాక, వీసా గడువు దగ్గర పడ్డాక, ఇద్దరం కేంబ్రిడ్జ్‌లో ఒకే కంపెనీకి అప్లై చేశాం. వీసా స్పాన్సర్ చేసే ఉద్యోగం, ఒక్కటే ఖాళీ. ఇద్దరికీ ఆఖరి ఇంటర్వ్యూ వచ్చింది. నాది ముందురోజు అయింది. బాగా చేయలేదు. నాకు తెలుసు.

వాడిది మర్నాడు పదకొండున్నరకు, ఆన్‌లైన్‌లో. పొద్దున్నే తయారై కూర్చున్నాడు. పైన ఇస్త్రీ చొక్కా, టై. కింద నిక్కరు. మిగతావాళ్ళంతా షిఫ్టులకు పోయారు. అప్పుడు ఏజెంటు ఫోన్ చేశాడు. పక్క వీధిలోనే ఉన్నాడట, గోడల తేమ చూసి పోతానన్నాడు. మాటల్లోనే ఇంటి ముందు కారు ఆగింది. మహేష్ లాప్‌టాప్ చంకలో పెట్టుకుని, నేను చెప్పకుండానే సెల్లార్ మెట్ల దగ్గరికి వెళ్ళాడు.

"అన్నా, నాది కాల్ ఉన్నది గదా. గాయన పోంగనే తీస్తవ్ కదా?"

"తీస్తాలేరా. వాడు గుమ్మం దాటగానే తీస్తా. నువ్వు మాత్రం చప్పుడు చెయ్యకు."

"చెయ్య అన్నా. నాకెర్కే కద."

కింద వైఫై అందదు, ఫోన్‌కు సిగ్నల్ లేదు. అది కూడా నాకు తెలుసు.

ఏజెంటు గోడలు తడిమాడు, ఫొటోలు తీసుకున్నాడు. గుమ్మం దగ్గర మహేష్ బూట్లు ఉండిపోయాయి. పడవల్లాంటి బూట్లు. నావే అన్నాను. నా పాదాల వంక చూశాడు. వెళ్ళిపోయాడు. అప్పటికి పదకొండు కూడా కాలేదు.

నేను వంటగదిలోకి వచ్చాను. బట్టల బుట్ట పక్కకు జరిపాను. గడియ మీద చెయ్యి పెట్టాను. ఇనుము చల్లగా ఉంది. చెయ్యి అక్కడే ఉంది, కదల్లేదు. ఏమనుకున్నాను? ఇన్నేళ్ళుగా వెతుకుతున్నాను ఆ క్షణంలో ఏముందో. పగ లేదు, భయం లేదు, అసూయ కూడా ఉందని ఖచ్చితంగా చెప్పలేను. ఉద్యోగం ఒక్కటే ఉంది అన్న లెక్క మాత్రం ఉంది. చెయ్యి తీసేశాను. కెటిల్ పెట్టాను. నీళ్ళు మరిగి కెటిల్ టక్కుమంది. టీ కలుపుకుని, బల్ల దగ్గరికీ కిటికీ దగ్గరికీ తిరుగుతూ తాగాను.

మధ్యలో తలుపు మీద వేలితో తట్టినట్టు ఒక చప్పుడు. చాలా మెల్లగా. ఏజెంటుకు వినపడకూడదని అంత మెల్లగా కొట్టాడు. నేను కదల్లేదు. మళ్ళీ కొట్టలేదు వాడు. అరవలేదు. అరిస్తే మిగతా ఆరుగురమూ వీధిన పడతామని నేనే కదా నేర్పింది.

పన్నెండు దాటాక తీశాను. మోకాళ్ళకు మట్టి, మెడలో టై అలాగే ఉంది.

"టైమ్ అయిపాయె గదా అన్నా."

"అయిపోయిందిరా. ఇందాకే వెళ్ళాడు వాడు. తేమ తేమ అని అస్సలు కదల్లేదు."

వాడు నా ముఖంలోకి చూశాడు. ఎంతసేపో కాదు. "ఏం జేస్తం అన్నా," అన్నాడు. "నువ్వొక్కనివే వాని ముంగట నిలబడి పరేషాన్ అయినవ్ గదా. టీ తాగుతవా?" అని సింక్‌లో ఉన్న నా కప్పు కడిగాడు. కప్పు ఇంకా వెచ్చగానే ఉండి ఉంటుంది.

కంపెనీకి క్షమించమని మెయిల్ రాశాడు, ఇంకో అవకాశం ఇవ్వలేదు వాళ్ళు. ఉద్యోగం నాకొచ్చింది. వీసా అయిపోయి వాడు వెళ్ళిపోయాడు. ఎయిర్‌పోర్టుకు తీసుకెళ్ళింది నేనే. ఇప్పుడు కరీంనగర్‌లో కోచింగ్ సెంటర్లో చెబుతున్నాడు. నిధి పుట్టినరోజు ఒక్కసారి కూడా మర్చిపోడు. ఒకసారి ఫోన్‌లో వాళ్ళావిడ నవ్వుతూ అంది, ఈయన ఇప్పటికీ బాత్‌రూమ్ గడియ పెట్టుకోడన్నయ్యా, తలుపు దగ్గరికేసుకుని పాట పాడుతుంటాడు అని. మేమంతా నవ్వాం. నేనూ నవ్వాను.

ఈమధ్య నిధి స్కూల్లో కథల వేషాల రోజు వచ్చింది. పిల్లలు నచ్చిన కథలోని మనిషిలా తయారై రావాలి, అమ్మానాన్నలూ రావచ్చు. నిధి తిమిర్. బూట్లు లేకుండా వస్తానని పట్టుబట్టింది. చలి చంపేస్తోంది, ప్లేగ్రౌండ్ తడిగా ఉంది, వాళ్ళమ్మ అరిచి గీపెట్టినా వినలేదు. తిమిర్‌కు బూట్లుండవు, అంతే. నాకోసం అట్టతో పెద్ద తాళంచెవి కత్తిరించి, బంగారు రంగు వేసి, దారం కట్టి మెడలో వేసింది. టీచరు వచ్చి మీరెవరండీ అని నన్నే అడిగింది. నేను నోరు తెరిచేలోపు నిధి గర్వంగా చెప్పింది, "హీ ఈజ్ ద వన్ హూ ఓపెన్డ్ ద డోర్."

అవును అన్నట్టు తలూపాను. చూడండి, అక్కడ కూడా తలూపాను.

ఇంటికి వస్తుంటే నిధి కారు హీటర్ దగ్గర పాదాలు వెచ్చబెట్టుకుంది. తర్వాత అడిగింది.

"బట్ డాడీ, టిమిర్ కెన్ హియర్ ఫీట్. సో హీ న్యూ ద స్టోన్ మ్యాన్ వాజ్ గాన్. వై డిడ్‌న్ట్ హీ షౌట్?"

అడుగులు వినే శక్తి నేనే ఇచ్చాను కదా. రాతి మనిషి వెళ్ళిపోయాడని తిమిర్‌కు తెలుసు. మరి ఎందుకు అరవలేదు? పిల్ల అడిగింది సబబే. ఆ పాత ఇంట్లో నేల చెక్కలతో వేసింది. పిల్లి నడిచినా కింద వినపడేది. ఏజెంటు అడుగులు వీధి తలుపు దాకా వెళ్ళడం, ఆ తర్వాత ఒక్క మనిషి అడుగులే బల్లకూ కిటికీకీ మధ్య తిరగడం, అన్నీ వాడి నెత్తిమీదే జరిగాయి. నేను ఇన్నేళ్ళూ వాడికి తెలియదన్న నమ్మకం మీద బతికాను. తెలిసే ఆ కప్పు కడిగాడా? తెలిసే అన్నా అంటున్నాడా? పక్కకు తీసి కారు ఆపాను. ఏమైంది డాడీ అంటే ఏమీ లేదన్నాను.

మా ఆవిడ ఆ వేషాల ఫొటో వాట్సాప్ స్టేటస్‌లో పెట్టింది. సాయంత్రానికి మహేష్ నుంచి నాకు మెసేజ్ వచ్చింది. "పాప మస్తున్నది అన్నా. కాళ్ళకు బూట్లు లేవేంది? నీ మెడల గా తాళంచెవి ఏంది, నువ్వేం వేషం ఏసినవ్?"

మామూలుగా అడిగాడో, అడగాలనే అడిగాడో నాకు తెలియదు. చదివినట్టు వాడికి నీలి గుర్తులు కనపడి ఉంటాయి. ఇంకా జవాబు ఇవ్వలేదు. అట్ట తాళంచెవి కారు అద్దానికి వేలాడుతోంది. నిధి తీయనివ్వదు.

వాడు క్షమిస్తాడని ఇది రాయడం లేదు. క్షమించినా అది నాకు పనికొచ్చేది కాదు. ఒక్క వాక్యం సరిగ్గా రాయగలనో లేదో చూసుకుందామని ఇంత రాశాను. ఏజెంటు వెళ్ళిపోయాడని తెలిసీ, నీ ఇంటర్వ్యూ టైము తెలిసీ, గడియ మీద చెయ్యి పెట్టి, తీయలేదురా మహేష్. నేను వేసింది తలుపు తీసినవాడి వేషం.

రాశాను. సూది మందు దిగుతున్నట్టుంది, దవడ నొప్పి పుడుతోంది. ఇప్పుడు ఫోన్ తీసి ఇదే వాక్యం వాడికి పంపాలి.